హోసూరు, కృష్ణగిరి: రాత్రి జీవితం, మద్యం నిబంధనలు, బస

తమిళనాడు వాయవ్య మూలన, కర్ణాటకనూ ఆంధ్రప్రదేశ్‌నూ ఆనుకుని కృష్ణగిరి జిల్లా ఉంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లాలో చెప్పుకోదగ్గ ఊళ్లు రెండు. ఒకటి జిల్లా కేంద్రం కృష్ణగిరి. రెండోది అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరుకు 40 కిలోమీటర్లలో ఉన్న హోసూరు. పేరుకు జిల్లా కేంద్రం కృష్ణగిరే అయినా జనంలోనూ సొమ్ములోనూ హోసూరుదే పైచేయి. 2019లో అది నగరపాలక సంస్థ కూడా అయింది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీ కొట్టు ముందు ఒకే గంటలో వినిపించే చోటు ఇది. 2024లో కృష్ణగిరి నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికైన సభ్యుడు తెలుగులోనే ప్రమాణం చేశారు.

పబ్బులూ నృత్యశాలలే రాత్రి జీవితమైతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. ఆ సరదా కావాలనుకున్నవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. రాత్రిపూట ఎంతమంది మేలుకుని ఉంటారు, ఏం తింటారు, ఎక్కడ తాగుతారు, ఎక్కడ పడుకుంటారు అని అడిగితే మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. హోసూరు రాత్రిని ఫ్యాక్టరీ షిఫ్టూ రాష్ట్ర సరిహద్దూ నడిపిస్తాయి. కృష్ణగిరి రాత్రిని రహదారి నడిపిస్తుంది.

మద్యనిషేధం మొదలైన జిల్లా

హోసూరు పక్కనే తొరపల్లి అనే పల్లె ఉంది. రాజాజీగా పేరుపడ్డ చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న పుట్టింది అక్కడే. తండ్రి ఆ ఊరి మునసబు. సేలంలో వకీలుగా పేరు తెచ్చుకుని, తిరుచెంగోడులో గాంధీ ఆశ్రమం నడుపుతూ రాజాజీ మద్యానికి వ్యతిరేకంగా 'విమోచనం' అనే తమిళ పత్రికను తెచ్చారు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని కాగానే, ఆ అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం అమల్లో పెట్టారు. అప్పటికి హోసూరు, కృష్ణగిరి రెండూ సేలం జిల్లాలోనివే. దేశంలో ఒక ఎన్నికైన ప్రభుత్వం చట్టం చేసి మద్యాన్ని ఆపిన తొలి ప్రయోగం జరిగింది ఈ నేల మీదేనన్నమాట.

మరుసటి ఏడాది అది చిత్తూరు, కడప జిల్లాలకూ, 1939లో ఉత్తర ఆర్కాటుకూ పాకింది. కల్లు, సారా పాటల మీద వచ్చే ఆదాయం పోయింది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి రాజాజీ ప్రభుత్వం 1939లో అమ్మకం పన్ను వేసింది. తాగేవాడి దగ్గర రావాల్సింది అందరి దగ్గరా వసూలు చేస్తున్నారని అప్పట్లో గొడవ జరిగింది. నిషేధం తర్వాత చాలాసార్లు పోయి వచ్చింది కానీ పన్ను మాత్రం పోలేదు. యుద్ధకాలంలో పక్కకు పెట్టిన నిషేధాన్ని 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మళ్లీ తెచ్చింది. 1948 అక్టోబరు 2 నాటికి, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ హయాంలో, అది ప్రెసిడెన్సీ అంతటికీ వర్తించింది. అదే ప్రకాశం 1954లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా మద్యనిషేధం గొడవ మీదే శాసనసభలో ఓడిపోయి గద్దె దిగారు.

1971లో కరుణానిధి ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసింది. మూడేళ్లకల్లా కల్లు దుకాణాలు, సారా దుకాణాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. 1981లో ఎం.జి.ఆర్. మళ్లీ తెరిచారు. 1983లో టోకు వ్యాపారం కోసం తమిళనాడు రాష్ట్ర మార్కెటింగ్ కార్పొరేషన్, అంటే ఇప్పుడు అందరూ పిలిచే టాస్మాక్, పుట్టింది. 1987 నుంచి కల్లు, సారా రెండింటికీ చెల్లుచీటీ పడింది. 1990 చుట్టుపక్కల చౌక మద్యం కొన్నాళ్లు వచ్చినా 1991లో జయలలిత దాన్ని ఆపేశారు. 2003 నవంబరు చివర్లో ఆమె ప్రభుత్వమే చిల్లర అమ్మకాన్ని కూడా ప్రైవేటు వాళ్ల చేతుల్లోంచి తీసుకుని టాస్మాక్‌కు అప్పగించింది. ఇప్పటికీ సీసా అమ్మేది 1937 నాటి మద్యనిషేధ చట్టం కిందనే. దాని నిబంధనల్లో ఇచ్చిన మినహాయింపులే ఈ వ్యాపారానికి ఆధారం. దొంగసారా పట్టుకునే పోలీసు విభాగమూ, సీసాల మీద పన్ను చూసుకునే మంత్రిత్వ శాఖా 'మద్యనిషేధం' అన్న మాటను తమ పేర్లలో ఇంకా మోస్తూనే ఉన్నాయి.

కౌంటరు, బారు, వేళలు

హోసూరులో ఎవరినడిగినా 'బ్రాందీ అంగడి' ఎక్కడుందో చెబుతారు. బోర్డు పచ్చరంగులో తమిళంలో ఉంటుంది. ముందంతా ఇనుప చువ్వల జాలి, అందులో చెయ్యి పట్టేంత కంత. లోపల అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి ఉంటాయి. ఎంచుకోవడం, చేతిలోకి తీసుకుని చూడడం ఉండవు. పేరు చెప్పాలి, డబ్బు లోపలికి నెట్టాలి, క్వార్టరు బయటికొస్తుంది. కోరిన రకం లేకపోతే ఉన్నదే తీసుకోవాలి. ముద్రించిన ధర మీద పది రూపాయలు ఎక్కువ అడుగుతారన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా ఏళ్ల తరబడి ఉన్నదే, శాసనసభలోనూ వినిపించినదే. 2023–24లో ఇలాంటి కౌంటర్ల ద్వారా రాష్ట్రానికి వచ్చిన ఆదాయం 45,855 కోట్ల రూపాయలు. అప్పటికి రాష్ట్రంలో దుకాణాలు 4,829.

దుకాణం పక్కనో వెనకనో 'బారు' ఉంటుంది. సినిమాల్లో చూపించే బారుతో దీనికి పోలిక లేదు. రేకుల కప్పు, సిమెంటు బల్లలు, గ్లాసు, నీళ్లు, ఉడికించిన శెనగలు, ఆమ్లెట్టు, మిరియాల కోడి. ఇక్కడ మందు అమ్మరు, కౌంటరులో కొన్నది తెచ్చుకుని కూర్చోవాలి. టెండరు పాడుకున్నవాడికి దక్కే హక్కులు రెండే: తినుబండారాలు అమ్ముకోవడం, ఖాళీ సీసాలు ఏరుకోవడం. ఈ రెండో హక్కు చిన్నదేమీ కాదు. సీసా మీద అదనంగా పది రూపాయలు తీసుకుని, ఖాళీది తిరిగిస్తే వాపసు ఇచ్చే పద్ధతిని మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2022లో నీలగిరి జిల్లాలో మొదలుపెట్టి తర్వాత ఇతర జిల్లాలకు పెంచుతూ వచ్చారు. దాంతో సీసాల మీద బతికే వాళ్ల లెక్కలు మారాయి.

వేళలు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 వరకు. 2016 మే వరకు పొద్దున పదింటికే తెరిచేవారు. జయలలిత ఆరోసారి ముఖ్యమంత్రి అయిన రోజే దాన్ని పన్నెండుకు జరిపి, 500 దుకాణాలు మూయిస్తానన్నారు. 2017లో మరో 500, 2023 జూన్‌లో ఇంకో 500 మూతపడ్డాయి. 21 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఏడాదిలో ఎనిమిది రోజులు దుకాణాలు తెరవరు: తిరువళ్లువర్ దినం, గణతంత్ర దినం, వడలూరు వళ్లలార్ స్మారక దినం, మహావీర జయంతి, మే డే, స్వాతంత్ర్య దినం, మీలాద్ ఉన్ నబీ, గాంధీ జయంతి. వీటిలో తిరువళ్లువర్ దినం సంక్రాంతి పండగల మధ్యలో పడుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రం కౌంటర్ల ముందు తొక్కిసలాటే. ఉగాదికి మాత్రం అడ్డు లేదు. ఎన్నికల పోలింగుకు ముందు 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు కూడా మూసివేస్తారు. పక్క రాష్ట్రంలో పోలింగు ఉన్నా సరిహద్దు దుకాణాలకు అదే ఆజ్ఞ పడుతుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఈ సంగతి తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

రాత్రి పదికి మూసే ఈ నియమం షిఫ్టు ఊరికి ఎలా పట్టిందో చూడాలి. చాలా ఫ్యాక్టరీల్లో రెండో షిఫ్టు వదిలేది దాదాపు పదింటికే. చేతిలో సంచితో బస్సు దిగే కార్మికుడికి జాలి తలుపు దించిన శబ్దమే ఎదురవుతుంది. అప్పటికి ముందే కొని దాచుకున్నవాడు ఒకడు, తెలిసిన చోట ఎక్కువ ధర పెట్టి దొంగచాటుగా కొనేవాడు ఇంకొకడు, సరిహద్దు దాటేవాడు మరొకడు. వేళలు కుదిస్తే తాగుడు తగ్గుతుందన్న వాదంలో నిజం ఉండవచ్చు కానీ, ఈ ఊళ్లో ఆ కుదింపు లాభపడేది చీకటి అమ్మకందారుకే అన్న అనుమానం తీసిపారేయదగ్గది కాదు.

నక్షత్ర హోదా ఉన్న హోటళ్లకు ఎఫ్.ఎల్.3, సభ్యుల క్లబ్బులకు ఎఫ్.ఎల్.2 అనుమతులు వేరుగా ఉంటాయి. చల్లటి గది, కుర్చీ, మెనూ కార్డు కావాలనుకునే ఇంజనీరూ, సరుకు కొనడానికి వచ్చిన వర్తకుడూ వెళ్లేది అక్కడికే. ధర రెండింతల నుంచి మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌లో సభలు, క్రీడా పోటీలతో పాటు పెళ్లి మండపాల్లోనూ మద్యం వడ్డించుకునేలా ఎఫ్.ఎల్.12 అనే ప్రత్యేక అనుమతి తెస్తే పెద్ద దుమారం రేగింది. కొద్ది రోజుల్లోనే పెళ్లిళ్లను అందులోంచి తీసేశారు. పెళ్లి విందులో గ్లాసులు కనిపించాయంటే అది అనుమతి లేని వ్యవహారమే.

రహదారి పక్కన మద్యం అమ్మకం మీద దేశమంతటినీ కదిపిన తీర్పు కూడా తమిళనాడు కేసులోంచే వచ్చింది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు దుకాణాలు ఉండకూడదని చెప్పింది. 20,000 లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థల్లో ఈ దూరాన్ని తర్వాత 220 మీటర్లకు తగ్గించింది. 2017 జూలైలో పురపాలక పరిధిలోని రోడ్లకు మినహాయింపు ఇవ్వవచ్చని వివరించింది. 44వ జాతీయ రహదారి హోసూరును చీల్చుకుంటూ పోతుంది, కృష్ణగిరిలో 44, 48 కలుస్తాయి. వ్యాపారమంతా రోడ్డు మీదే ఉన్న ఊళ్లకు ఈ మీటర్ల లెక్క ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

సరిహద్దు అవతల

హోసూరు ఉత్తరపు అంచున జూజువాడి. అక్కడ చెక్‌పోస్టు దాటితే అత్తిబెలె, కర్ణాటక. దూరం పది కిలోమీటర్ల లోపే. అత్తిబెలెలో అడుగుపెట్టగానే బోర్డుల లిపి మారుతుంది, దుకాణాల తీరు మారుతుంది. అక్కడ మద్యం ప్రైవేటు వాళ్లది. అద్దాల అరల్లో సీసాలు పేర్చి ఉంటాయి, బార్లు మరి కాస్త పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి. బెంగళూరు నగర పరిధిలోనైతే 2024 నుంచి బార్లు, రెస్టారెంట్లకు రాత్రి ఒంటిగంట వరకు అనుమతి ఉంది. హోసూరు కుర్రకారు శనివారం రాత్రి కోరమంగల వైపు పోవడం, తెల్లవారుజామున హోస్కోట వెళ్లి బిర్యానీ తిని రావడం ఇప్పుడు మామూలు. 2025 ఆగస్టు 10న ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు పసుపు మెట్రో లైను మొదలయ్యాక ఈ రాకపోకలు ఇంకా తేలికయ్యాయి. దాన్ని హోసూరు దాకా పొడిగించాలన్న ప్రతిపాదన చాలాకాలంగా నలుగుతోంది.

సరదా కోసం దాటేవాడికి సరిహద్దు చిన్న గీత. సీసాతో దాటేవాడికి అది చట్టం. కర్ణాటక సరుకు తమిళనాడులోకి తేవడం మద్యనిషేధ చట్టం కింద నేరం. అక్కడి 90 మిల్లీలీటర్ల చౌక కాగితపు పొట్లాలే చెక్‌పోస్టుల్లో ఎక్కువగా దొరుకుతాయి. మోటారు సైకిలు డిక్కీలో, కూరగాయల బుట్ట అడుగున, పాల క్యానులో తెస్తుంటారు.

ఈ గీత ప్రాణాలు తీసిన రోజులూ ఉన్నాయి. 2007 జూలై 1 నుంచి కర్ణాటక సారా అమ్మకాన్ని నిషేధించింది. ఏడాది తిరగకుండానే, 2008 మే నెలలో, మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీ సారా తాగి బెంగళూరు చుట్టుపక్కలా, కోలారు, కృష్ణగిరి జిల్లాల్లోనూ కలిపి 150 మందికి పైగా చనిపోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు. చౌక మందు దొరకకుండా చేసినప్పుడు పేదవాడు మానేస్తాడనుకోవడం ఎంత ప్రమాదమో ఆ మేనెల చూపించింది. 2024 జూన్‌లో కళ్లకురిచిలో అరవై మందికి పైగా చనిపోయాక తమిళనాడు చట్టాన్ని సవరించి, అటువంటి చావులకు కారకులైతే యావజ్జీవ శిక్ష, పది లక్షలకు తగ్గని జరిమానా పెట్టింది.

హోసూరు దగ్గరి బాగలూరులో 1998లో జరిగిన గొడవ మరో రకం. నాటు సారా అమ్మకాలను పోలీసులు పట్టించుకోవడం లేదని జనం రోడ్డెక్కితే బస్సుల మీద రాళ్లు పడ్డాయి. ఇరవై ఏళ్లు నడిచిన ఆ కేసులో 2019 జనవరిలో ప్రత్యేక న్యాయస్థానం తీర్పు వ్యతిరేకంగా రావడంతో, అప్పటికి మంత్రిగా ఉన్న హోసూరు శాసనసభ్యుడు రాజీనామా చేయాల్సి వచ్చింది. సారా వద్దన్న ఊరేగింపు మంత్రి పదవిని తీసిన సంగతి ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తూర్పున వేపనపల్లి దాటితే కుప్పం ప్రాంతం, ఆంధ్రప్రదేశ్. అక్కడి కథ తెలుగు పాఠకులకు తెలిసిందే: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. 2019లో దుకాణాలు సర్కారు చేతికి వెళ్లి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి, 99 రూపాయల క్వార్టరుతో సహా. తమిళనాడులో కల్లు గీస్తే నేరం, పక్కన చిత్తూరు జిల్లాలో అదే చెట్టు కల్లుకు అనుమతి ఉంటుంది. చెట్లకు ఈ తేడా తెలియదు, గీసేవాళ్లకు తెలుసు.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. కువైట్‌లో మద్యం పూర్తిగా నిషిద్ధం. షార్జాలోనూ అంతే, కానీ పక్కనున్న అజ్మాన్‌లో దొరుకుతుంది. దుబాయిలో 21 ఏళ్లు నిండినవారికి లైసెన్సు పద్ధతిలో అమ్ముతారు. అక్కడ 30 శాతం పన్నును 2023 జనవరిలో ఎత్తేసి 2025 జనవరిలో మళ్లీ వేశారు. కడప నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన కూలీకి షార్జా, అజ్మాన్ల మధ్య రోడ్డు ఎలాంటిదో, హోసూరు కార్మికుడికి అత్తిబెలె రోడ్డు అలాంటిది. తేడా ఏమిటంటే అక్కడ పట్టుబడితే దేశం నుంచే పంపేస్తారు.

మేలుకుని ఉండే ఊరు

1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చేదాకా హోసూరు చల్లగాలికీ మత్తిగిరి పశువుల క్షేత్రానికీ పేరుపడ్డ చిన్న ఊరు. తర్వాత అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఈ మధ్య టాటా ఎలక్ట్రానిక్స్, జిల్లాలోని పోచంపల్లి దగ్గర ఓలా విద్యుత్ స్కూటర్ల ఫ్యాక్టరీ చేరాయి. షిఫ్టు మారే వేళ రాయకోట రోడ్డు మీద కంపెనీ బస్సుల వరస చూస్తే రాత్రి పదిన్నరకు కూడా సాయంత్రం ఆరులా ఉంటుంది. ఆ బస్సుల్లో ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువ. టాటా ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసేవాళ్లలో అధికభాగం యువతులే.

వాళ్లందరికీ తిండి కావాలి. రోడ్డు పక్క పెనం మీద రెండు ఇనుప గరిటెలతో పరోటాను కొడుతూ కలిపే కొత్తు పరోటా చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. గుడ్డు, ఉల్లి, సాల్నా వేసి, ఆకులో పెట్టి ఇస్తారు. పక్కనే రాగి ముద్ద, కోడి పులుసు దొరికే మిలిటరీ హోటలు. తమిళుడు కళి అన్నా, కన్నడిగుడు ముద్దె అన్నా, తెలుగువాడు సంకటి అన్నా వచ్చేది అదే పళ్లెం. పదిమంది, అంతకు పైగా పనిచేసే దుకాణాలు రోజంతా తెరిచి ఉంచుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2019లో ఉత్తర్వు ఇచ్చి తర్వాత పొడిగించింది. అయినా రాత్రి పదకొండు దాటాక గస్తీ పోలీసు లాఠీతో షట్టరు తట్టడం చాలా ఊళ్లలో మానలేదు. వర్తకులు ఉత్తర్వు నకలు గోడకు అంటించుకుని ఉంటారు.

సినిమా విషయంలో సరిహద్దు తిరగబడుతుంది. 2023 నుంచి తమిళనాడులో పెద్ద సినిమా తొలి ఆట పొద్దున తొమ్మిదింటికి కానీ పడదు, బెంగళూరులో ఆరింటికే పడుతుంది. అందుకే 'జైలర్' వచ్చిన రోజు తెల్లవారుజామునే తమిళ అభిమానులు సరిహద్దు దాటారు. తెలుగు సినిమాలు హోసూరు హాళ్లలో నేరుగా తెలుగులోనే ఆడతాయి.

ఇంతకన్నా పాత రాత్రి జీవితం ఒకటుంది. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగినన్నాళ్లు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. కృష్ణగిరి, ధర్మపురి, చిత్తూరు జిల్లాలకు ఉమ్మడిగా ఉన్న సంప్రదాయం ఇది. కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి అర్దళం పూసుకుని దుర్యోధనుడు రాత్రి రెండింటికి రంగం మీదికొస్తే చిన్నపిల్లలు చాపల మీద నిద్రలేస్తారు. టికెట్టు ఉండదు, మూసే వేళ ఉండదు. హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుడి తేరు జరిగే రోజుల్లోనూ ఊరు నిద్రపోదు.

తెల్లవారుజామున మూడింటికి మరో జనం లేస్తారు. హోసూరు చుట్టుపక్కల పచ్చని షెడ్ల కింద గులాబీలు పండిస్తారు. అముదగొండపల్లిలోని టాన్‌ఫ్లోరా పార్కు నుంచి ప్రేమికుల దినానికి పూలు విదేశాలకు వెళతాయి. సాదా పూలు బుట్టల్లో ఊరి సంతకూ, బెంగళూరుకూ చేరాలంటే చీకట్లోనే బయల్దేరాలి. రాయకోటలో టమాటా లారీలు, కృష్ణగిరిలో మే, జూన్ నెలల్లో మామిడి లారీలు ఇదే పని చేస్తాయి.

బస

కృష్ణగిరికి రైలు లేదు. తిరుపత్తూరు నుంచి వేసిన చిన్న లైనును ఎప్పుడో పీకేశారు, మళ్లీ వేయలేదు. అందుకే ఇక్కడి లాడ్జీలన్నీ బస్టాండు చుట్టూ, రహదారి కూడళ్ల దగ్గరా పుట్టాయి. చెన్నై, బెంగళూరు, సేలం, పుదుచ్చేరి వైపు రోడ్లు కలిసే ఊరు కాబట్టి అర్ధరాత్రి దిగి తెల్లవారి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. చాలా లాడ్జీల్లో 24 గంటల లెక్క: రాత్రి ఒంటిగంటకు దిగితే మర్నాడు ఒంటిగంట దాకా గది మీదే. కాస్త పెద్ద హోటళ్లు మధ్యాహ్నం 12 లెక్క పెట్టుకుంటాయి. ఈ ఒక్క సంగతి ముందే అడిగితే సగం అద్దె మిగులుతుంది. ముహూర్తాల రోజుల్లో కల్యాణ మంటపాల చుట్టుపక్కల గది దొరకడం కష్టం.

హోసూరు సంగతి వేరు. ఇక్కడి హోటళ్లకు గిరాకీ సోమవారం నుంచి శుక్రవారం దాకానే. ఆడిటర్లు, విడిభాగాల సరఫరాదారులు, యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు. విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా యజమాని ఆ వివరాలు అధికారులకు పంపాలి. స్వదేశీయుడికి రిజిస్టరు ఉంటుంది: పేరు, వయసు, ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏం పని మీద, ఎంతమంది, సంతకం, ఆధార్ జిరాక్సు. 'ఏం పని మీద' అన్న గడిలో నూటికి తొంభై మంది 'సొంత పని' అని రాస్తారు.

పెళ్లి కాని జంటకు గది ఇవ్వవచ్చా అన్న ప్రశ్న తమిళనాడులో హైకోర్టుదాకా వెళ్లింది. కోయంబత్తూరులో ఒక వసతి గృహాన్ని అధికారులు మూయించారు. అందుకు చూపిన కారణాలు రెండు: ఒక గదిలో పెళ్లికాని జంట ఉండడం, మరో గదిలో మద్యం సీసాలు దొరకడం. 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. పెళ్లికాని ఇద్దరు పెద్దవాళ్లు ఒక గదిలో ఉండడాన్ని నేరంగా చెప్పే చట్టమే లేదంది. సొంత వాడకానికి నిర్ణీత పరిమాణంలో మద్యం దగ్గర పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయనీ గుర్తుచేసింది. ఆ తీర్పులో ఉటంకించిన 1996 నిబంధనల ప్రకారం ఆ పరిమాణం దేశీయంగా తయారైన విదేశీ మద్యం 4.5 లీటర్లు, బీరు 7.8 లీటర్లు, వైను 9 లీటర్లు. కాబట్టి సొంత గదిలో తలుపేసుకుని తాగితే తప్పు లేదు. లాడ్జివాడు గ్లాసులు పెట్టి అమ్మితే, లేదా గదిని బారుగా మారిస్తే కేసు అవుతుంది. అయినా తీర్పు ఉన్నంత మాత్రాన ప్రతి లాడ్జీ గది ఇస్తుందనుకోవద్దు. 'ఫ్యామిలీకి మాత్రమే' అనే బోర్డు తీర్పుల కన్నా గట్టిగా నిలబడుతుంది.

గది పన్ను తేలిగ్గానే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. మద్యం జీఎస్టీలోకి రాదు, రాష్ట్రమే పన్ను వేసుకుంటుంది. అందుకే గది, భోజనం, బారు బిల్లుల్లో పన్ను లెక్కలు ఒక్కతీరుగా కనిపించవు.

అసలు బస సమస్య చుట్టపు చూపుగా వచ్చేవాళ్లది కాదు. ఏళ్లకేళ్లు ఉండే కార్మికులది. ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన మగవాళ్లు ఒక గదిలో ఆరేడుగురు సర్దుకుంటారు. పగలు షిఫ్టువాడు లేచిన చాపమీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. ఆడపిల్లల హాస్టళ్లకు 2014లో వచ్చిన చట్టం ప్రకారం రిజిస్ట్రేషను, కాపలా, వార్డెను తప్పనిసరి. పెద్ద కంపెనీలు సొంత హాస్టళ్లు కట్టుకుని, బస్సులో తెచ్చి బస్సులో దించుతాయి. భద్రత ఉంటుంది, కానీ సెలవు రోజు సాయంత్రం ఏడు దాటితే గేటు తెరవరన్న గొణుగుడూ ఉంటుంది. ఉద్యోగినుల కోసం ప్రభుత్వం 'తోళి' అనే పేరుతో నడిపే హాస్టళ్ల జాబితాలో హోసూరూ ఉంది.

డెంకణికోట, తళి వైపు వేరే వ్యాపారం పెరిగింది. చల్లదనానికి తళిని తెల్లదొరలు చిన్న ఇంగ్లండు అన్నారని చెబుతారు. అక్కడి మామిడి తోటల్లో, గులాబీ తోటల్లో ఫారం హౌసులు శని, ఆదివారాల్లో బెంగళూరు వాళ్లతో నిండిపోతాయి. మందు వాళ్లే తెచ్చుకుంటారు. కర్ణాటక సీసా తెచ్చుకుంటే చెక్‌పోస్టులో పడే ఇబ్బంది, యజమానే సమకూరిస్తే లైసెన్సు లేని అమ్మకం కింద కేసు. రెండూ కాకుండా హోసూరులో కొనుక్కుని పోవడమే దారి, అదీ రాత్రి పదిలోపు.

రాత్రి రోడ్డు

రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాలు ఉంటే మోటారు వాహన చట్టం 185వ సెక్షను కింద మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, రెండేళ్లు. సరిహద్దుకు రెండువైపులా ఇదే లెక్క కాబట్టి అత్తిబెలెలో తాగి జూజువాడి దాటినా తప్పించుకోవడం ఉండదు. 44వ రహదారి మీద రాత్రి లారీలే ఎక్కువ. శూలగిరి దగ్గర వంపుల్లో తాగనివాడికే జాగ్రత్త కావాలి.

డెంకణికోట, తళి, రాయకోట రోడ్లలో ఇంకో సంగతి ఉంది. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, బన్నేరుఘట్ట, జవళగిరి అడవుల వైపు నుంచి ఏనుగుల గుంపులు రాగి చేలకోసం సానమావు అడవికి దిగుతాయి. 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర అభయారణ్యం వాటి దారిలోదే. పగలు అడవిలో ఉండి, చీకటి పడ్డాక చేలమీద పడతాయి, ఒక్కోసారి రహదారే దాటేస్తాయి. అటవీ శాఖ వాళ్లు మైకులో ఊరూరా చాటింపు వేస్తారు, కొన్ని రోజులు రాత్రి పొలాలకు పోవద్దంటారు. ఆ నెలల్లో ఫారం హౌసుకు వెళ్లేవాళ్లు చీకటి పడకముందే చేరడం, దారిలో గుంపు కనిపిస్తే దీపాలు ఆర్పి దూరంగా బండి నిలిపివేయడం, హారను కొట్టకపోవడం, సెల్‌ఫోనుతో ఫొటోలకు దిగకపోవడం అక్కడి రైతులు చెప్పే నాలుగు మాటలు.